దీవిలో శని, ఆదివారాలు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న దీవించి రాయునది. నిన్ను పోర్ట్‌బ్లెయిర్ బ్రాంచికి వేశారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషంగానే చెప్పాడు గానీ గొంతులో దిగులు దాగలేదు. మీ అమ్మకైతే అండమాన్ అనగానే ద్వీపాంతర శిక్షే గుర్తొస్తోందట. వాళ్ళకు నువ్వు ధైర్యం చెప్పాలంటే ముందు నీకు ఆ ఊరి సంగతులు తెలియాలి. బ్యాంకు పని ఎక్కడైనా బ్యాంకు పనే, అది నువ్వు చూసుకుంటావు. దీవిలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళను నిలబెట్టేవీ కుంగదీసేవీ సాయంత్రాలూ సెలవు రోజులూ.

బదిలీ మీద వెళ్ళి, వెనక్కి ఎప్పుడు వేస్తారా అని రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపి వచ్చేసినవాళ్ళు పెదనాన్నకు చాలామంది తెలుసు. కొన్నాళ్ళకని వెళ్ళి అక్కడే ఇల్లు కట్టుకుని, పిల్లల పెళ్ళిళ్ళు కూడా అక్కడే చేసినవాళ్ళూ తెలుసు. ఇద్దరూ చూసింది ఒకే సముద్రం, ఒకే వాన. మొదటివాళ్ళు ఉన్న బీచ్‌లన్నీ చూసేసి, ఇంక చూడ్డానికేం లేదని గదిలో కూర్చున్నారు. రెండోవాళ్ళకు ఆదివారం వస్తే వెళ్ళడానికి నాలుగిళ్ళు ఉన్నాయి. అందుకే నీకు ముందుగా చెప్పే మాట, మనుషుల్ని సంపాదించుకో. చోట్లు ఎక్కడికీ పోవు.

ఊరి పేరు సంగతి కూడా తెలిసుండాలి. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌ను శ్రీవిజయపురం అన్నారు. అంతకుముందు 2018 డిసెంబరులోనే హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్, రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయ్యాయి. టికెట్ల మీద కొత్త పేర్లుంటాయి, జనం నోట పాత పేర్లే ఎక్కువ వినిపిస్తాయి. ఈ ఉత్తరంలోనూ అలవాటు కొద్దీ పాత పేర్లే రాస్తున్నాడు పెదనాన్న.

ఇక పొద్దు లెక్క. మన గడియారాలన్నీ నడిచే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ మీదుగా పోతుంది. పోర్ట్‌బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడి పొద్దు నలభై నిమిషాలు ముందు నడుస్తుంది, గడియారం మాత్రం మనదే. జూన్‌లో అయిదు కాకముందే తెల్లారిపోతుంది. డిసెంబరులో సాయంత్రం అయిదింటికే సూర్యుడు దిగిపోతాడు. నువ్వు క్యాష్ టాలీ చేసి బ్రాంచి బయటికొచ్చేసరికి చీకటి పడిపోయి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి నెల మనసు బరువెక్కడానికి సగం కారణం ఇదే. రోజంతా ట్యూబులైటు కింద గడిచి, బయటికొస్తే మళ్ళీ చీకటే.

దీనికి అక్కడివాళ్ళు ఎప్పుడో దారి కనుక్కున్నారు. వాళ్ళ ఊసులన్నీ పొద్దున్నే. అయిదింటికి మెరీనా పార్కు పక్కన సముద్రపు గట్టు మీద నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, మైదానంలో ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళు, టీ కొట్టు దగ్గర రిటైరైన ఉద్యోగులు కనిపిస్తారు. నువ్వు హైదరాబాద్‌లో రాత్రి పన్నెండుకు పడుకుని ఎనిమిదికి లేచేదానివి. అక్కడ ఆ అలవాటు మానుకో. అయిదింటికి లేచి గట్టు మీదికి వెళ్తూ ఉంటే, కొన్నాళ్ళకల్లా నలుగురు పేరు పెట్టి పలకరిస్తారు. ఆ నలుగురిలో ఒకరు నీ బ్రాంచి ఖాతాదారు అయ్యుంటారు, ఇంకొకరి ఇంట్లో నీ వయసు ఆడపిల్ల ఉంటుంది. పరిచయాలు అక్కడ ఇలాగే మొదలవుతాయి.

మనుషుల గురించి ఇంకాస్త వివరంగా చెప్పాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్, నికోబార్ దీవులన్నీ కలిపి 3.8 లక్షల మంది. అందులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు నూటికి పదమూడు మంది పైచిలుకు, అంటే దాదాపు 50 వేలు. బెంగాలీలు, హిందీవాళ్ళు, తమిళులు, వాళ్ళ తర్వాత మనవాళ్ళే. వీళ్ళలో ఎక్కువమంది పెద్ద చదువులకో పెద్ద ఉద్యోగాలకో వెళ్ళినవాళ్ళు కారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వల భుజాన వేసుకుని వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు, ఓడరేవుల్లో, రోడ్ల పనుల్లో చెమటోడ్చిన కూలీలు, వాళ్ళ పిల్లలు, మనవలు. జంగ్లీఘాట్‌లో చేపలు దిగే చోటికి పొద్దున్నే వెళ్ళు. పడవ మీంచి బుట్ట దించుతూ ఎవరో ఒకరు ఉత్తరాంధ్ర యాసలో "ఏటమ్మా, మీదే ఊరు?" అని అడక్కపోరు. అక్కడే పుట్టి పెరిగి మన తీరాన్ని ఒక్కసారి కూడా చూడనివాళ్ళ నోట ఆ యాస అంత పదిలంగా ఉండటం వింటే గుండె నిండుతుంది.

వాళ్ళింటికి పిలిస్తే వెళ్ళు. వంజరం అక్కడ సురమై అవుతుంది, తూర చేప ట్యూనా అవుతుంది. పులుసు మాత్రం మన పులుసే. బ్యాంకు ఆఫీసరమ్మ మా ఇంటికి వచ్చిందని వాళ్ళు నీకు కుర్చీ వేసి, తాము కింద కూర్చుంటారు. నువ్వూ కిందే కూర్చో. వాళ్ళ పిల్లల చదువుల గురించి అడుగు. ఖాతా తెరవడానికీ, బీమా డబ్బులు రాబట్టుకోవడానికీ, పడవ అప్పుకు దరఖాస్తు నింపడానికీ ఇబ్బంది పడేవాళ్ళు ఆ ఇళ్ళల్లోనే ఉంటారు. సెలవు రోజు ఒక గంట ఆ కాగితాల దగ్గర కూర్చుంటే, ఆ దీవిలో నీకొక పుట్టిల్లు ఏర్పడుతుంది.

అయితే తెలుగువాళ్ళ మధ్యే ఉండిపోవద్దు. ఇది గట్టిగా చెప్తున్నాడు పెదనాన్న. వినాయక చవితి పందిరి, సంక్రాంతి ముగ్గులు, ఉగాది పచ్చడి అన్నీ అక్కడా ఉంటాయి, వాటికి వెళ్ళాల్సిందే. కానీ ఆ ఊరి గొప్పతనమంతా కలగలుపులో ఉంది. 1858లో బ్రిటిష్‌వాళ్ళు ఖైదీల వలసగా మొదలుపెట్టిన చోటు అది. ఆ ఖైదీల సంతతిని లోకల్‌బార్న్ అంటారు. వాళ్ళ ఇళ్ళల్లో కులం, మతం, భాష ఎప్పుడో కలిసిపోయాయి. మలబారు తిరుగుబాటు తర్వాత పంపిన మాప్పిళ్ళ ముస్లింల వారసులున్నారు. 1925లో బర్మా నుంచి తెచ్చి మాయాబందర్ దగ్గర స్థిరపరిచిన కరెన్ జాతివాళ్ళున్నారు. అడవి పనులకు ఛోటానాగపూర్ నుంచి వచ్చినవాళ్ళను రాంచీవాళ్ళు అంటారు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల కుటుంబాలే ఇవాళ హావ్‌లాక్, నీల్, డిగ్లీపూర్ పల్లెల్లో వరి, కూరగాయలు పండిస్తున్నాయి. ఇంతమందినీ కలిపింది హిందీ. వ్యాకరణం గట్టిగా పట్టించుకోని, ఎవరు ఎలా మాట్లాడినా నవ్వని హిందీ అది. నీ హిందీ ఎంత వచ్చో అంతే చాలు, మొహమాటపడకు.

ఒక్క మాట విషయంలో జాగ్రత్త. నువ్వు ఎక్కడి నుంచి వచ్చావంటే "ఇండియా నుంచి" అనకు. చాలామంది నోరు జారి అనేస్తారు, అక్కడివాళ్ళకు అది మనసులో గుచ్చుకుంటుంది. వాళ్ళదీ ఇండియానే. "మెయిన్‌ల్యాండ్ నుంచి" అను, అందరూ అలాగే అంటారు.

దసరాకు బెంగాలీల దుర్గాపూజకు వెళ్ళు. పంగుని ఉత్తిరం పండుగకు తమిళులు కావళ్ళు ఎత్తి ఊరేగుతుంటే చూడు. ఈద్ రోజు సహోద్యోగి ఇంటికి, క్రిస్మస్‌కు నికోబారీ స్నేహితుల ఇంటికి పిలుపొస్తే కాదనకు. ఎవరింట్లో పెళ్ళయినా బ్రాంచి మొత్తాన్ని పిలుస్తారు, వెళ్ళకపోతే బాధపడతారు. సెలవు మీద ఇంటికొచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు ఆవకాయ, పూతరేకులు ఒక డబ్బా ఎక్కువే పట్టుకెళ్ళు. మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చినవాళ్ళు ఏదో ఒకటి తెచ్చి పంచడం అక్కడి ఆనవాయితీ.

పక్కింటివాళ్ళతో స్నేహం విందులతో కాదు, నీళ్ళతో మొదలవుతుంది. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్ళో వేసవికి కుళాయి నీళ్ళు కరువవుతాయంటే నమ్మలేవు. కానీ పట్టణానికి ముఖ్యమైన ఆధారం ధనిఖారి ఆనకట్ట. మార్చి, ఏప్రిల్ నెలల్లో అందులో మట్టం తగ్గితే నీళ్ళు రోజు విడిచి రోజో, ఇంకా ఎడంగానో వదులుతారు. నువ్వు ఆఫీసులో ఉండగా నీళ్ళొస్తే నీ డ్రమ్ము నింపిపెట్టేది పక్కింటావిడే. ఆదివారం నీళ్ళొస్తే ఆవిడ డ్రమ్ము దగ్గర నువ్వు నిలబడు.

ఇక తిరగడం సంగతి. బ్యాంకు కాబట్టి రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. అంటే రెండేసి రోజులు కలిసొచ్చేది నెలకు రెండుసార్లే. మిగతా వారాల్లో ఆదివారం ఒక్కటే. ఈ తేడా మనసులో పెట్టుకుని ప్రయాణాలు వేసుకో. ఒక్కరోజు సెలవుకు సముద్రం దాటి దూరం పోకు, ఊరి చుట్టూనే బోలెడుంది.

మొదటి ఆదివారాల్లో ఒకటి సెల్యులార్ జైలుకు ఇవ్వు. రాత్రి పూట లైట్ అండ్ సౌండ్ షో అందరూ చూస్తారు, నువ్వు పొద్దున జనం పలచగా ఉన్నప్పుడు కూడా వెళ్ళు. 1896 నుంచి 1906 దాకా కట్టిన ఏడు వరసల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి బతికి బయటపడి, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మన్యం నుంచి ఆ కొట్లదాకా, అక్కడి నుంచి పార్లమెంటుదాకా సాగిన ఆ బతుకును తలచుకుంటూ ఆ వరండాలో నడువు. మీ అమ్మ భయపడే ద్వీపాంతరం అంటే అసలు ఏమిటో, నువ్వు వెళ్తున్న ఉద్యోగం దానికి ఎంత దూరమో నీకే తెలుస్తుంది.

చాతం జెట్టీ దగ్గర వాహనాల ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్‌లో దిగి మౌంట్ హ్యారియెట్ కొండకు వెళ్ళొచ్చు. 1891 యుద్ధంలో ఓడిన మణిపూర్ రాజు కులచంద్రను, ఆయన మనుషులను అక్కడ ఉంచారు. అందుకే 2021లో దానికి మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. నువ్వు కౌంటర్లో లెక్కపెట్టే పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు తిప్పి చూడు. కొబ్బరిచెట్లు, సముద్రం, దూరంగా లైట్‌హౌసు ఉన్న ఆ బొమ్మ ఈ కొండ మీంచి కనిపించే నార్త్‌బే దృశ్యమే. దారిలో చాతం రంపపు మిల్లు కూడా చూడు. అది 1883 నాటిది, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడ్డ చోటు.

ఇరవై, పాతిక కిలోమీటర్లు వెళ్తే చిడియా టాపు. సూర్యాస్తమయం అక్కడే చూడాలి, పక్షులు కావాలంటే తెల్లారేసరికే చేరాలి. ఊరికి దగ్గర్లోని సిప్పీఘాట్ మాత్రం అంతగా ఎవరూ చెప్పరు. 2004 డిసెంబరు 26 సునామీ నాటి భూకంపంతో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. అక్కడి వరి చేలల్లోకి ఉప్పునీళ్ళొచ్చి నిలిచిపోయాయి. రైతులు భూములు పోగొట్టుకున్న ఆ నీళ్ళ మీద ఇప్పుడు వలస పక్షులు గుంపులుగా వాలుతున్నాయి. బైనాక్యులర్స్ పట్టుకుని తిరిగే స్థానికులు అక్కడ తారసపడతారు, వాళ్ళతో కలిసిపో. ఒంటరిగా ఫొటోలు తీసుకునేకంటే వంద రెట్లు నేర్చుకుంటావు.

వండూరు నుంచి మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కుకు పడవలు వెళ్తాయి. జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవుల్లో ఒకటి తెరిస్తే రెండోది మూస్తారు, పగడాలకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వడానికి. ప్లాస్టిక్ కవరు, ప్యాకెట్టు ఏదీ పట్టుకెళ్ళనివ్వరు, సంచీలు వెతుకుతారు. ఆ కట్టడి ఊరికే పుట్టింది కాదు. 2010 వేసవిలో నీళ్ళు వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి చచ్చిపోయాయి. నీళ్ళలో దిగినప్పుడు పగడం మీద కాలు ఆనించకు. ఒడ్డున పడి ఉన్నదే కదా అని ముక్క ఏరుకోకు. చచ్చిన పగడమైనా వన్యప్రాణి చట్టం కిందికే వస్తుంది, విమానాశ్రయంలో సంచీలోంచి తీసేస్తారు, కేసు కూడా కావచ్చు. బ్యాంకు ఉద్యోగికి అలాంటి మచ్చ వద్దు.

రెండు రోజులు కలిసొచ్చిన వారం హావ్‌లాక్ గానీ నీల్ గానీ పెట్టుకో, రెండూ ఒకేసారి కాదు. ఫీనిక్స్ బే జెట్టీ నుంచి ప్రభుత్వ ఫెర్రీలో హావ్‌లాక్‌కు రెండున్నర గంటలు. ప్రైవేటు కాటమరాన్లలో గంటన్నరకు చేరొచ్చు, డబ్బు ఎక్కువ. నువ్వు ప్రభుత్వ ఫెర్రీయే ఎక్కు. కూరగాయల బుట్టలు, కోళ్ళు, స్కూలు టీచర్లు, పురిటికి వెళ్ళి వస్తున్న తల్లులు అందులో ఉంటారు. డెక్ మీద పక్కన కూర్చున్న మనిషే సాయంత్రం హావ్‌లాక్ సంతలో కనిపించి టీ ఇప్పిస్తాడు. దీవుల్లో నివాసం ఉండేవాళ్ళకిచ్చే ఐలాండర్ కార్డు ఉన్నవాళ్ళకు అందులో ఛార్జీ చాలా తక్కువ, నీకు అర్హత ఎప్పుడొస్తుందో చేరగానే కనుక్కో. ఓడల వేళలు డైలీ టెలిగ్రామ్స్ పత్రికలో వేస్తారు, అది చదివే అలవాటు చేసుకో.

హావ్‌లాక్‌లో రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైన బీచ్ అంది. అది నిజంగానే అంత గొప్పది. కానీ పెదనాన్న మనసు నీల్ వైపే. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్ అని రామాయణం పేర్లతో పల్లెలు, వాటి మధ్య సైకిలు మీద తిరిగేంత దీవి, కూరగాయల మళ్ళు. లక్ష్మణ్‌పూర్ దగ్గర సముద్రం తొలిచిన రాతి తోరణం దగ్గరికి పాటు సమయంలోనే వెళ్ళగలవు. ఎప్పుడు వెళ్ళాలో యాప్ చూడక్కర్లేదు, మీ అమ్మ సంచీలో పెట్టిచ్చే తెలుగు క్యాలెండర్ చాలు. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ నీళ్ళు బాగా వెనక్కి తగ్గుతాయి. రాళ్ళ మడుగుల్లో సముద్రపు దోసకాయలు, నక్షత్ర చేపలు, రంగు రంగుల చిరుచేపలు బయటపడతాయి. అక్కడి కుర్రాళ్ళను వెంట తీసుకెళ్ళు, వాళ్ళకు ప్రతి రాయి తెలుసు.

అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో, మళ్ళీ జూన్ నుంచి నైరుతి గాలుల్లో సముద్రం మాట వినదు. 2016 డిసెంబరులో తుఫాను గాలులకు ఫెర్రీలు ఆగిపోయి 1,400 మంది దాకా పర్యాటకులు హావ్‌లాక్, నీల్‌లో చిక్కుకుపోయారు, నౌకాదళం వెళ్ళి తీసుకొచ్చింది. సోమవారం బ్రాంచి తెరవాల్సిన మనిషివి, ఆదివారం ఆఖరి ఫెర్రీని నమ్ముకోకు. క్యాష్ జాయింట్ కస్టడీ తాళాలు నీ దగ్గరుంటే ఆ వారం దీవి దాటనే దాటకు. వెళ్ళేముందు మేనేజరుకు చెప్పి వెళ్ళడం మర్యాద, అవసరం కూడా.

భద్రత విషయంలో పెదనాన్న మాట కాస్త కటువుగానే ఉంటుంది, ఏమీ అనుకోకు. 2014 జనవరి 26న పోర్ట్‌బ్లెయిర్ దగ్గరే ఒక పర్యాటకుల పడవ మునిగి ఇరవైమందికి పైగా చనిపోయారు. పట్టేవాళ్ళకంటే చాలా ఎక్కువమందిని అందులో ఎక్కించారు. పడవలో జనం ఎక్కువగా కనిపిస్తే దిగిపో, డబ్బు పోతే పోనీ. లైఫ్ జాకెట్టు బిగించి కట్టుకో, నలుగురూ నవ్వినా సరే. ఉప్పునీటి మొసళ్ళు అక్కడ కట్టుకథ కాదు. 2010లో హావ్‌లాక్‌లో ఒక అమెరికన్ యువతి మొసలి దాడిలోనే చనిపోయింది. మొసలి బొమ్మతో బోర్డున్న చోట, కడలి పాయలు మడ అడవుల్లోకి పోయే చోట, మసక చీకట్లో నీళ్ళలో దిగకు. స్కూబా నేర్చుకోవాలనిపిస్తే తప్పకుండా నేర్చుకో, శిక్షణకు మూడు నాలుగు రోజులు కేటాయించి సరైన చోట నేర్చుకో. నీళ్ళలోంచి వచ్చిన తర్వాత పద్దెనిమిది గంటలు గడవందే విమానం ఎక్కకు. సెలవు ఆఖరి రోజు డైవింగ్ చేసి అదే సాయంత్రం ఇంటికి బయల్దేరే తొందర ఎప్పుడూ పెట్టుకోకు.

ఒక ప్రయాణం గురించి మాత్రం ఆలోచించి నిర్ణయించుకో. బారాటాంగ్ సున్నపురాయి గుహలకు, బురద అగ్నిపర్వతానికి వెళ్ళే రోడ్డు జరవాలనే ఆదివాసులకు కేటాయించిన అడవి మధ్యగా పోతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాలన్నీ వరసగా పోలీసు కాపలాతో బయల్దేరతాయి. వేల ఏళ్ళుగా ఆ అడవిలో బతికిన ఆ జాతివాళ్ళు 1998 ప్రాంతంలో గానీ బయటివాళ్ళ దగ్గరికి రాలేదు. వచ్చిన మరుసటేడే తట్టు సోకి మంచాన పడ్డారు. 2012లో తిండి ఆశ చూపించి జరవా ఆడవాళ్ళతో టూరిస్టుల ముందు నాట్యం చేయించిన వీడియో బయటికొచ్చి దేశమంతా తలదించుకుంది. వాళ్ళు ఇప్పటికీ కొన్ని వందలమందే. గుహలు చూడాలనుంటే చూడు, కానీ "జరవాలు కనిపిస్తారా" అని అడిగే బృందంతో వెళ్ళకు. దారిలో ఎవరైనా కనిపిస్తే ఫోను బయటికి తీయకు, ఏదీ ఇవ్వకు. ఆదివాసుల రక్షణకు చేసిన 1956 నాటి చట్టం చెప్పేది కూడా అదే. కుటుంబంలో మన పిల్ల అలా ప్రవర్తించిందన్న మాట పెదనాన్న వినకూడదు.

వానాకాలం ఏడెనిమిది నెలలు. విశాఖలో కురిసేదానికి రెండింతలకు పైనే కురుస్తుంది. ఆ నెలల్లో ఇంటర్నెట్టే లోకమయ్యే ప్రమాదం ఉంది. 2020 ఆగస్టు 10కి ముందు అక్కడ వీడియో కాల్ అన్నది కలే. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశాకే నెట్ వేగం పుంజుకుంది. దానివల్ల మేలే జరిగింది, మీ అమ్మ రోజూ నీ మొహం చూస్తుంది. కానీ నెట్ లేని రోజుల్లో వానపడితే అందరూ ఎవరో ఒకరి వరండాలో చేరేవాళ్ళు, క్యారమ్స్, పాటలు, పకోడీలు. ఇప్పుడు కొత్తగా వచ్చిన పిల్లలు తలుపులేసుకుంటున్నారు. నువ్వు వేసుకోకు. స్టేట్ లైబ్రరీలో సభ్యత్వం తీసుకో, బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళతో కలువు, వానపడే ఆదివారం ఇద్దరు ముగ్గురు సహోద్యోగులను పిలిచి పెసరట్లు వెయ్యి.

చివరగా బంధువుల సంగతి. నీకు అక్కడ ఇల్లుందని తెలియగానే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన చుట్టాలంతా విమానం ఎక్కుతారు. అందర్నీ నువ్వే తిప్పాలని చూస్తే నీ శని, ఆదివారాలు మిగలవు, వాళ్ళకు చూపించిన చోట్లే పదిసార్లు చూస్తావు. మొదటి మూడు నాలుగు నెలలు ఎవర్నీ రమ్మనకు, అడిగితే పెదనాన్న వద్దన్నాడని చెప్పు. ఆ తర్వాత ముందుగా మీ అమ్మానాన్నలను పిలువు. వాళ్ళను రాధానగర్‌కు తీసుకెళ్ళేముందు జంగ్లీఘాట్‌లో నువ్వు అన్నం తిన్న ఇంటికి తీసుకెళ్ళు, పక్కింటావిడను పరిచయం చెయ్యి. మీ అమ్మ దిగులు పోవడానికి బీచ్ కంటే అదే మందు.

పెదనాన్న విశాఖ నుంచి ఓడలోనే వస్తాడు. రెండున్నర రోజుల ప్రయాణం, ఆ ఓడ నెలకు ఒకటి రెండుసార్లకు మించి ఉండదు. అక్కడికి చేరి కుదురుకున్నాక, నీ సెలవులు ఎప్పుడెప్పుడున్నాయో చూసుకుని, ఏ నెలలో రమ్మంటావో జవాబు రాయి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న